ఛాతీలో మూడేళ్లు ఉన్న ఇనుప పట్టీ

నా ఛాతీ మధ్యలో ఒక గుంత ఉండేది. పసిపిల్లగా ఉన్నప్పుడు అవ్వ నన్ను కాళ్ల మీద పడుకోబెట్టుకొని నూనె రాస్తే, ఆ గుంతలో నూనె నిలిచేదట. అవ్వ దాన్ని చూపుడువేలితో తీసి నా మాడుకు రాసేదట. ఈ మాట ఆమె నవ్వుతూ చెప్పేది. నేను కూడా చాలాకాలం నవ్వుతూనే విన్నాను.

ఇప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆ గుంతను పైకి లేపే ఆపరేషన్ పదహారో ఏట జరిగింది. అప్పుడు ఎముకల కింద పెట్టిన ఇనుప పట్టీ మూడేళ్లు నాలోనే ఉండి, తర్వాత బయటికి వచ్చింది. అంతా అయిపోయాక మా వాడలో అందరూ "మంజుల మస్తు ధైర్యం గల్ల పిల్ల, ఒక్కసారన్న ఏడ్వలే" అన్నారు. అది ధైర్యం కాదు. నాకు ఏమీ అనిపించలేదు, అంతే. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి ఛాతీతో పుట్టిన పిల్లలు ఇంకా ఉంటారు కాబట్టి, వాళ్లకు ఎక్కడైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

శామీర్‌పేట, చిన్నతనం

నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. అమ్మ పేరు మల్లమ్మ. నాయిన పట్టిన చేపలను గంపలో సర్దుకొని పొద్దున్నే బస్సెక్కి మేడ్చల్ మార్కెట్‌కు పోయేది. అవ్వ, అంటే నాయిన తల్లి, ఇంటి దగ్గర నన్ను చూసుకునేది. నా తర్వాత అమ్మకు పిల్లలు కాలేదు. ఇంట్లో మేం నలుగురమే.

నా ఛాతీ ఎందుకలా ఉందని ఎవరైనా అడిగితే అవ్వ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఇది కడుపుల ఉన్నప్పుడు దీని తల్లి శాపల గంప ఎత్తింది. గంప అంచు కడుపుకు ఒత్తుకున్నది. లోపల పిల్ల రొమ్ము అణిగిపోయింది."

అమ్మ ఎదురుగా ఉన్నా అదే మాట. అమ్మ చేప పొలుసు గీకుతుంటే గీకుతూనే ఉండేది. నేను అవ్వ మాట నమ్మాను. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఒకరోజు అమ్మను నేనే అడిగాను.

"గంప ఎందుకెత్తినవే?"

"ఎత్తకుంటె ఎట్లనే?" అని అమ్మ అటు తిరిగింది.

ఆపరేషన్ నొప్పి ఎలా ఉండేదో నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. ఆ ప్రశ్న మాత్రం అడిగిన గొంతుతో సహా గుర్తుంది.

చిన్నప్పుడు గుంతలో ఒక నిమ్మకాయ పట్టేది. పదో తరగతికి వచ్చేసరికి నా పిడికిలి పట్టేది. ఒళ్లు పెరిగేకొద్దీ అదీ లోతుగా పెరిగింది. భుజాలు ముందుకు వంచి నడవడం, పుస్తకాలు ఛాతీకి అదుముకోవడం, చున్నీని రెండు మడతలు వేసుకోవడం అలవాటైపోయాయి. ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అని చెప్పి కూర్చునేదాన్ని. నిజానికి మైదానం ఒక చుట్టు తిరిగితే ఊపిరి అందేది కాదు. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు తెలియదు. గుంత వేరు, ఆయాసం వేరు అనుకున్నాను.

మేడ్చల్, 2003

మేడ్చల్‌లో ఇంటర్‌లో చేరాను. మా క్లాసు రెండో అంతస్తులో. మొదటి మెట్ల వరుస ఎక్కగానే గుండె చెవుల్లో కొట్టుకునేది. మలుపు దగ్గర గోడకు నోటీసు బోర్డు ఉండేది. ఊపిరి సర్దుకునేదాకా దాని ముందు నిలబడి చదువుతున్నట్టు నటించేదాన్ని. ఆ ఏడు కాలేజీలో ఏ పరీక్ష ఫీజు ఎప్పటిలోగా కట్టాలో నాకు తెలిసినంతగా గుమాస్తాకు కూడా తెలిసి ఉండదు.

వానాకాలంలో ఒకరోజు ఆ బోర్డు ముందే పడిపోయాను. కళ్లు తెరిచేసరికి బాటనీ మేడం నా తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆమే నన్ను ఆటోలో బస్ డిపో దగ్గరున్న డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. మార్కెట్‌కు కబురు పంపింది. అమ్మ వచ్చేసరికి ఎక్స్‌రే తీసి ఉంది. అమ్మ చేతులకు ఇంకా చేపల తడి ఉంది. డాక్టర్ ముందు ఆ చేతులను కొంగులో దాచుకొని నిలబడింది.

ఆయన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. "రొమ్ము ఎముక లోపలికి నొక్కుతోంది. గుండె ఉండాల్సిన చోట లేదు, ఎడమకు జరిగింది. ఇది నా స్థాయి కాదమ్మా. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోండి."

"గుండె జరిగిందంటె..." అని అమ్మ ఆగిపోయింది.

మేడం అమ్మ భుజం మీద చేయి వేసింది. నేను ఎక్స్‌రే కవర్ మీద నా పేరులో అక్షరం తప్పు పడిందని చూస్తున్నాను. మంజులకు బదులు మంజుళ అని రాశారు. అప్పుడు నా మనసులో ఉన్నది అదొక్కటే.

పెద్దాసుపత్రి, అదే ఏడు

ప్రతి మంగళవారం అమ్మ, నాయిన, నేను పొద్దున మొదటి బస్సుకు బయలుదేరేవాళ్లం. అల్వాల్ మీదుగా సికింద్రాబాద్ చేరి, అక్కడ ఇంకో బస్సు మారేవాళ్లం. చీటీ కోసం ఒక వరుస, ఆ చీటీ చూపించడానికి ఇంకో వరుస. గుండె స్కానింగ్ ఒక వారం, ఛాతీ స్కానింగ్ ఇంకో వారం, గొట్టంలోకి ఊదే పరీక్ష మరో వారం. ప్రతిసారీ ఓపీ బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోవడమే. మాలాగే మంగళవారాలు వచ్చే ఒక ముసలాయన, అమ్మ టీ తాగడానికి లేచినప్పుడల్లా తన తువ్వాలు పరిచి ఆమె జాగా కాపాడేవాడు. ఆయన పేరేమిటో మేం అడగలేదు. మాకేం జబ్బో ఆయనా అడగలేదు.

నాలుగో మంగళవారం పెద్ద డాక్టర్ పరీక్షలన్నీ ముందు పెట్టుకొని నాయినను అడిగాడు. "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"లేదు సార్."

అమ్మ నాయిన వైపు తిరిగింది. "నీకు లేదా?"

"నాది గిట్ల గాదు. చిన్నప్పుడు చెరువు కట్ట మీదికెల్లి రాళ్ల మీద పడ్డనట. మా అమ్మ జెప్పింది."

"ఒకసారి చొక్కా తీయండి," అన్నాడు డాక్టర్.

నాయిన గుండీలు విప్పాడు. బనియన్ పైకి ఎత్తాడు. నేను ఆయన్ను ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. నీళ్లలో దిగినా ఆయన బనియన్ తీసేవాడు కాదు. డాక్టర్ రెండు వేళ్లు ఆయన ఛాతీ మధ్యలో ఆనించి, అటూ ఇటూ జరిపి చూశాడు.

"పడితే ఇలా కాదు. పుట్టుకతో వచ్చిందే. మీదీ అమ్మాయిదీ ఒకటే. మీది తక్కువ, అమ్మాయిది బాగా ఎక్కువ."

నాయిన బనియన్ దించుకున్నాడు. తర్వాత అమ్మ చిన్న గొంతుతో అడిగింది. "గంప ఎత్తితె రాదా సార్?"

"ఏ గంప?"

అమ్మ చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఎన్నో నెల దాకా ఎత్తిందో, ఎంత బరువో, ఎక్కడ ఒత్తుకునేదో, అన్నీ. అంత వివరంగా ఆమె మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"కాదమ్మా. మీరు ఎత్తినా ఎత్తకపోయినా ఇది వచ్చేదే. మీ తప్పేం లేదు," అన్నాడు డాక్టర్. ఆ మాట అంటూనే చీటీ మీద ఏదో రాసుకుంటున్నాడు.

అమ్మ "సరే సార్" అంది. ఎక్స్‌రే కవర్లు దగ్గరికి సర్దుకుంది. తిరుగు బస్సులో ఆడవాళ్ల సీటులో నా పక్కన శామీర్‌పేట దాకా ఆ కవర్లు ఒళ్లో పట్టుకొని కూర్చుంది. నాయిన వెనక నిలబడే వచ్చాడు. వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. అమ్మ చెప్పులు కూడా విడవలేదు.

"అత్తా, నీ కొడుకు కట్ట మీదికెల్లి పడ్డడా?"

అవ్వ చేయి ఆగింది. "పడలే," అంది.

"మరి?"

"పుట్టంగనే గట్లున్నడు. గా ముచ్చట జెప్తె నా కొడుక్కు పిల్లనెవరిస్తరు? అందుకే పడ్డడన్న."

"మరి నా గంప ముచ్చట?"

"అడిగినోళ్లకు ఏదో ఒకటి జెప్పాలె గదా, మల్లమ్మ."

అమ్మ అరవలేదు. పోయి కాళ్లు కడుక్కొని పొయ్యి వెలిగించింది. ఆ రోజు నుంచి అవ్వతో మాట్లాడటం మానేసింది. పూట పూటకు కంచంలో అన్నం పెట్టి ముందుంచేది. మాట మాత్రం లేదు. నాకు అవ్వ మీద కోపం రావాలని తెలుసు. అమ్మను చూసి జాలి కలగాలని కూడా తెలుసు. రెండింటి కోసం లోపల వెతికాను. ఏదీ లేదు.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు నాయిన ఒప్పుకోలేదు. "నాకు లేదా గుంత? నేను బతుకుతలేనా? చెరువు గీ ఒడ్డుకెల్లి గా ఒడ్డుకు ఈత గొడ్త. గుండె పక్కపొంటి ఇనుము పెడ్తరంట. ఆడపిల్లకు గదంత ఒద్దు."

డాక్టర్ ఇచ్చిన తారీఖు చీటీ దేవుని పటం వెనక నెల రోజులు పడి ఉంది. ఒక సాయంత్రం అమ్మ దాన్ని తీసి నాయిన ముందు పెట్టింది. ఆయన వలకు చిరుగులు కుట్టుకుంటున్నాడు.

"ఇన్నేండ్లు అందరు నా తప్పన్నరు. నేనేమన్న అన్ననా? ఇగ నా మాట ఒక్కటి ఇనుండ్రి. ఇది మెట్లెక్కలేక పడిపోయింది. ఆపరేషన్ జేపిద్దాం."

నాయిన వల లోంచి తల ఎత్తలేదు. కానీ మరుసటి మంగళవారం మా కంటే ముందు ఆయనే బస్ స్టాపులో ఉన్నాడు.

నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే మీ ఇష్టం అనేదాన్ని. నిజంగానే అలా అనేదాన్ని.

ఫిబ్రవరి 2004

ఆడవాళ్ల వార్డులో చేర్చుకున్నారు. ఛాతీ మొత్తం కోయరని, రెండు చంకల కింద చిన్న గాట్లు పెట్టి, సన్నని కెమెరాతో లోపల చూసుకుంటూ, వంచిన పట్టీని రొమ్ము ఎముక కిందుగా ఇటు నుంచి అటు దూర్చి తిప్పుతారని పెద్ద డాక్టర్ చెప్పాడు. పట్టీ తిరగగానే లోపలికి పోయిన ఎముక పైకి లేస్తుందట. నా కొలతకు పట్టీని వంచడం కోసం మెత్తని రేకును నా ఛాతీ మీద ఒత్తి ఆకారం తీసుకున్నారు. ఇలాంటి ఆపరేషన్ అక్కడ అప్పటికి కొద్దిమందికే జరిగింది. అందుకని చూడటానికి విద్యార్థులు వచ్చారు.

ఎనిమిది మంది మంచం చుట్టూ నిలబడ్డారు. ఎక్కువ మంది మగపిల్లలు, నా కంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు. నేను వెల్లకిలా పడుకొని ఫ్యాను చూస్తున్నాను. తిరగడం లేదు. ఒక రెక్క కొంచెం వంగి ఉంది. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు తాకారు. ఒకరు ఇంగ్లీషులో లోతు ఎంతో చెప్పారు, ఒకరు రాసుకున్నారు. నా పేరు ఎవరూ అడగలేదు. ఎవరి శరీరమో అక్కడ పడి ఉంది, నేను ఫ్యాను దగ్గర ఉన్నాను అన్నట్టుగా ఉంది. ఇన్నేళ్లు రెండు మడతల చున్నీ కింద దాచింది ఎనిమిది మంది చూస్తున్నారు, నాకు సిగ్గు కూడా వేయలేదు.

వార్డు నర్సు స్టెల్లా సిస్టర్ ఎక్కడి నుంచి వచ్చిందో దుప్పటి తెచ్చి నా మీద కప్పింది. "చూసింది చాలు బాబూ. పిల్ల చలికి వణుకుతోంది," అని వాళ్లను పంపేసింది. వాళ్లు పోయాక నా వైపు వంగింది.

"ఎందుకు గమ్మున పడుకున్నావ్? కప్పుకుంటా అని అడగొచ్చు గదమ్మా."

అడగొచ్చని నాకు తెలియదు. తల ఊపాను. నేను వణుకుతున్నానని కూడా ఆమె చెప్పాకే తెలిసింది.

ఆపరేషన్ నాడు కాగితం మీద సంతకం కావాలన్నారు. నాయిన పెన్ను పట్టుకున్నాడు కానీ రాయలేకపోయాడు. అమ్మ సిరా పెట్టె లాక్కొని వేలిముద్ర వేసింది. అప్పుడు నాయిన, "ఆగు, నేను గూడ పెడ్త," అని ఆ ముద్ర కింద తన పేరు మెల్లగా రాశాడు. స్ట్రెచర్ మీది నుంచి నేను చూసిన చివరి సంగతి అదే.

ఆ తర్వాత బయట జరిగింది నాయిన చెప్తే తెలిసింది. నన్ను లోపలికి తీసుకుపోయిన గంటకు అవ్వ వచ్చింది. ఎన్నడూ ఒంటరిగా పట్నం పోని మనిషి, కనపడిన వాళ్లనల్లా అడుగుతూ రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో అన్నం టిఫిన్, ఎండు చేపల కూర. బెంచీ మీద జాగా లేదు. అవ్వ నిలబడింది. కాసేపటికి అమ్మ కొంచెం జరిగింది. అవ్వ కూర్చుంది. మధ్యాహ్నం అవ్వ టిఫిన్ మూత తీసి ఇద్దరి మధ్యలో పెడితే అమ్మ తిన్నదట.

నాకు మెలకువ వచ్చినప్పుడు ఎవరో నా రొమ్ము మీద మోకాలు పెట్టి కూర్చున్నట్టు ఉంది. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతోంది. ఇగ ఇట్లనే ఉంటది కావచ్చు అనుకున్నాను. భయం వేయలేదు. తెల్లచొక్కా ఒకటి వంగి "పేరు చెప్పు" అంటే చెప్పాను.

తర్వాతి రోజుల్లో నొప్పి ఉంది. మందు వేసినప్పుడు దూరం పోయేది, మందు దిగాక వచ్చేది. పక్కకు తిరగకూడదు, చేతులు పైకి ఎత్తకూడదు, లేవాలంటే వీపు కింద ఎవరైనా చేయి వేయాలి. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకోమనేవారు. రోజుకు ఎన్నోసార్లు మూడు బంతుల డబ్బాతో ఊపిరి లాగాలి. గట్టిగా లాగితే బంతులు పైకి లేస్తాయి. నాకు మొదటి బంతి కూడా కదిలేది కాదు.

పక్క మంచం మీద సిద్దిపేట వైపు నుంచి వచ్చిన నర్సవ్వ ఉండేది. ఆమెకు ఊపిరితిత్తుల ఆపరేషన్ అయింది. ఆమె దగ్గర కూడా అలాంటి డబ్బానే.

"పొల్లా, ఇటు జూడు. ముసల్దాన్ని, నేను ఒకటి లేపిన. నువ్వు రెండు లేపాలె. లాగు, లాగు, నేను లెక్కవెడ్త."

నేను రెండో బంతి లేపిన రోజు ఆమె చప్పట్లు కొట్టబోయి, నొప్పికి ఆగి, నవ్వింది. ఇంకో రెండు రోజులకు పొద్దున లేచేసరికి ఆ మంచం ఖాళీ. కొత్త దుప్పటి పరిచి ఉంది. వేరే వార్డుకు మార్చారో, ఇంటికి పంపారో, ఇంకేమైనా అయిందో నేను అడగలేదు. అడగాలని అనిపించలేదు. ఆ విషయం ఇప్పుడు నన్ను బాధ పెడుతుంది. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

ఇంటి దగ్గర

పదమూడో రోజున మేనమామ జీపులో ఇంటికి తెచ్చారు. తూంకుంట దాటేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర నాయిన "మెల్లగ, మెల్లగ" అంటూ నా వీపు వెనక దిండు పట్టుకొని కూర్చున్నాడు.

అమ్మ పొద్దున్నే మార్కెట్‌కు పోవాలి. నేను చేతులు ఎత్తలేను, జడ వేసుకోలేను. అవ్వ చేతులకు వణుకు. మూడో రోజు నాయిన దువ్వెన తీసుకొచ్చి నా వెనక పీట వేసుకొని కూర్చున్నాడు. వలలు అల్లే వేళ్లు కదా, పాయలు బిగుతుగా, ఒక్క వెంట్రుక తప్పకుండా అల్లాడు. చివర ముడి వలకు వేసే ముడే వేశాడు. సాయంత్రం దాన్ని విప్పడానికి అమ్మకు చాలాసేపు పట్టింది.

"నా నుంచే వచ్చింది బిడ్డా నీకు," అన్నాడు జడ అల్లుతూ ఒకరోజు. "నాకు దెల్వలే."

"నీకెట్ల దెలుస్తది నాయినా," అన్నాను. మంచి మాటే అన్నాను. కానీ చదివిన పాఠం అప్పచెప్పినట్టు అన్నాను. అది ఆయనకు కూడా తెలిసిందనుకుంటాను. అయినా నెలన్నర పాటు రోజూ జడ వేశాడు.

గాట్ల చుట్టూ, రొమ్ముల కింద, చర్మం మొద్దుబారిపోయింది. ఒకరోజు గంజి గిన్నె ఒలికి పైన పడింది. అవ్వ కేకలు వేస్తే గానీ అది వేడి గంజి అని నాకు తెలియలేదు. బొబ్బ లేచింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. నరాలు మళ్లీ కుదురుకుంటాయి, టైం పడుతుందని డాక్టర్ అన్నాడు. ఆయన చర్మం గురించే అన్నాడు.

పట్టీ ఉన్న మూడేళ్లు

బరువులు ఎత్తవద్దు, బండి మీద వెనక కూర్చోవద్దు, ఒంటికి దెబ్బ తగలనివ్వవద్దు. బోనాల నాడు నా వయసు పిల్లలంతా బోనం ఎత్తుకొని పోతుంటే నేను పసుపు పళ్లెం పట్టుకొని వెనక నడిచాను. చలికాలం పొద్దున పూట ఛాతీ లోపల ఏదో చల్లగా బిగుసుకున్నట్టు ఉండేది. వాడలో పిల్లలు "ఇనుపక్క" అని పిలిచేవారు. ఎగతాళికి కాదు, గొప్పగానే పిలిచేవారు. పిలిస్తే పలికేదాన్ని.

అమ్మ, అవ్వ మాట్లాడుకోకుండా ఏడాది గడిచింది. ఆ ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం వాడలో ఒకామె చేపల కోసం వచ్చి నా ఆపరేషన్ మాట ఎత్తింది. "పాపం, మల్లమ్మ గంప ఎత్తవట్టి గదా పిల్లకు ఇంత కష్టం," అంది. అమ్మ తూకం వేస్తోంది. తలెత్తలేదు.

అవ్వ అరుగు మీది నుంచే అంది. "గంప గాదు. మా ఇంటి రక్తంల ఉన్నది. నా కొడుక్కు గూడ ఉన్నది. నేనే అబద్ధం జెప్పిన ఇన్నేండ్లు. మల్లమ్మది ఏం తప్పు లేదు. నలుగురికి జెప్పు పో."

వచ్చినామె చేపలు తీసుకొని గబగబా వెళ్లిపోయింది. అమ్మ త్రాసు కింద పెట్టి లోపలికి పోయింది. ఆ సాయంత్రం కూర ఉడుకుతుంటే గరిటెలో కొంచెం తీసి అవ్వ దగ్గరికి పట్టుకొచ్చింది.

"అత్తా, జర ఉప్పు జూడు."

అవ్వ చూసింది. "సరిపోయింది," అంది. క్షమించమని ఆమె అడగలేదు, క్షమించానని ఈమె అనలేదు. తర్వాత మామూలుగా మాట్లాడుకున్నారు.

2007, ఆ తర్వాత

మూడేళ్లు నిండాక అదే ఆసుపత్రిలో పట్టీ తీసేశారు. పెట్టినప్పటి బాధలో పదో వంతు కూడా లేదు. మూడో రోజు ఇంట్లో ఉన్నాను. ఛాతీ పూర్తిగా చదునుగా లేదు. నిమ్మకాయ పట్టేంత పల్లం ఇప్పటికీ ఉంది. ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఈ మాట దాచను. అందంగా అవుతుందనుకొని పోతే నిరాశ పడతారు. ఊపిరి కోసం పోతే ఊపిరి దొరుకుతుంది. నేను ఇప్పుడు మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. మా సెక్షన్ కూడా రెండో అంతస్తులోనే. ఆగకుండా ఎక్కుతాను.

మిగతాది మెల్లగా వచ్చింది. పోయిన ఏడు ఒక సాయంత్రం బస్సులో డ్రైవర్ బ్రేకు వేస్తే ముందున్నాయన మోచేయి నా ఛాతీకి గట్టిగా తగిలింది. "కండ్లు కనవడ్తలేవా?" అని బస్సంతా వినపడేలా అరిచాను. ఆయన కంటే నేనే ఎక్కువ అదిరిపడ్డాను. నాకు కోపం వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చింది. ఇల్లు చేరాక అమ్మకు చెప్తే నవ్వి, "మంచిగైంది," అంది.

ఈ ఏడు ఎండాకాలంలో గౌడవెల్లి నుంచి యాదమ్మ అనే ఆమె మార్కెట్‌లో అమ్మను అడిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కూలి పనికి పోయే మనిషి. వెంట పదమూడేళ్ల బిడ్డ శ్రావణి. ఆ పిల్ల భుజాలు వంచి, చేతులు ముందు కట్టుకొని నిలబడిన తీరు చూస్తే నాకు సంగతి చెప్పక్కర్లేదు.

యాదమ్మ అన్నీ అడిగింది. ఎన్ని రోజులు, ఎంత నొప్పి, పెండ్లికి అడ్డమొస్తదా, పిల్లలు పుడతరా. తెలిసినవి చెప్పాను, తెలియనివి డాక్టర్‌ను అడగమన్నాను. శ్రావణి కళ్లు మాత్రం గోడ మీద ఎక్కడో ఉన్నాయి. ఎక్కడున్నాయో నాకు తెలుసు.

"నొప్పి ఉంటది," అన్నాను ఆ పిల్లతోనే. "తగ్గుతది గూడ. ఏమన్న నచ్చకపోతె నోరు తెరిచి జెప్పు. ఏడుపొస్తె ఏడువు. నేను ఏడ్వలే. అది గొప్ప గాదు."

శ్రావణి మొదటిసారి నా ముఖం చూసింది. "అక్కా, నువ్వు వస్తవా మాతోని?"

కంపెనీలో సెలవు పెట్టాను. మంగళవారం పొద్దున ముగ్గురం పోయాం. ఓపీ బెంచీలకు కొత్త రంగు వేశారు. పెద్ద డాక్టర్ రిటైరయ్యాడట, కొత్తాయన ఉన్నాడు. మధ్యాహ్నానికి శ్రావణి పేరు పిలిచారు. ఆ పిల్ల నా చున్నీ అంచు పట్టుకొని వదలలేదు. ముగ్గురం లోపలికి పోయాం.

డాక్టర్ తలెత్తి చూశాడు. "తల్లి ఒక్కరు ఉంటే చాలు." నా వైపు చేయి చూపించాడు. "ఈమె ఏమవుతారు మీకు?"

నేను అక్కను కాను, చుట్టాన్ని కాను, మా ఊరు కూడా ఒకటి కాదు.

"మాకంటె ముందు గీ తొవ్వల పోయొచ్చినామె సార్," అంది యాదమ్మ.

డాక్టర్ గోడ వారగా ఉన్న స్టూలు చూపించాడు. నేను దాన్ని శ్రావణి పక్కకు జరుపుకొని కూర్చున్నాను.